అవ్వ భుజానికి కుదిరిన తుపాకి

నిన్న మా వీధి టైలరు కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే, ఆ వాసనకు నేను రవికె కొలతలు మరిచిపోయి, కర్ణాటకలో పరగోడు దగ్గరి మా చేన్లోకి, శెనక్కాయలు ఊరే రోజుల్లోకి వెళ్లిపోయాను. అక్కడ మా అవ్వ కాళ్లు చాపుకొని, ముత్తాత కొన్న జోడుగొట్టాల తుపాకిని ఒళ్లో పెట్టుకొని, అదే నూనెతో, పాతచీర పీలికతో తుడుస్తూ ఉండేది.

లైసెన్సు తాతది. కానీ ఆయన కళ్లకు పొర కమ్మినప్పటి నుంచీ, సాయంత్రం పూట చేన్లో దిగే అడవిపందులను గాల్లోకి కాల్చి తరిమింది అవ్వే. ఊరికంతా తెలుసు, ఊరు దాటి ఎవరికీ తెలియదు. చింతామణి ఊళ్లో తుపాకులు బాగుచేసే మిస్త్రీతో భుజానికి ఆనించే చెక్కను రెండు వేళ్ల మేర కోయించుకుంది. ఏళ్ల తరబడి ఆమె చెంప ఆనీ ఆనీ ఆ చెక్క ఒకచోట నున్నగా అరిగిపోయింది. ఏటా తొలివానకు ముందు, తుపాకిని కీలు దగ్గర మడిచి తెరిచి, గొట్టాల వెనకంచుకు దీపం మసి పూసి, మూసి తెరిచి, ఆ మసి ఎదుటి ఇనుముకు అంతటా సమంగా అంటిందా లేదా అని చూసేది. నేను విత్తనానికి దాచిన కాయలు ఒల్చుకుంటూ పక్కనే కూర్చునేదాన్ని. కీలు అరిగి సందు పడితే నిప్పు మొహం మీదికే వస్తుందని చెప్పేది. ఏమాత్రం సందు కనబడినా మిస్త్రీ దగ్గరికి పోయొచ్చేదాకా ఆమెకు అన్నం సయించేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా తాత పోయాడు. ఇక తుపాకిని ఇంకొకరి పేరుకు మార్చుకోవాలి, లేదంటే స్టేషన్లో అప్పగించాలి. నాయన దాన్ని ఎత్తి చూశాడు. పొట్టిచెక్క కావడంతో బొటనవేలు ముక్కుకు కొట్టుకుంది. తనకు పనికిరాదన్నాడు.

"నా పేరున అడిగి చూడు నాయనా. అది నా బుజానికి కుదిరుండాది," అంది అవ్వ.

అడిగితే ఇన్నాళ్లూ ఎవరు కాల్చారని ఆరా తీస్తారని, పోయిన మనిషి పేరు కేసులోకెక్కుతుందని, ఆ మాట స్టేషన్లో ఎత్తొద్దని నాయన ఆమె చేతులు పట్టుకున్నాడు.

అప్పగించడానికి ముగ్గురమూ పోయాం. స్టేషన్లో రాసుకునే ఆయన తుపాకిని ఒకసారి ఊపి, పాతది, కీలు వదులు అని పైకి అంటూ కన్నడంలో రాయబోయాడు. అవ్వకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "వదులు గాదప్పా," అని అతని చేతిలోంచి తీసుకొని, టక్కున మూసి, భుజానికెత్తి, చెక్క అరిగినచోట చెంప ఆనించింది.

"కాల్చేది వస్తాదా అవ్వా?" అన్నాడాయన నవ్వుతూ.

నాయన తల వంచుకున్నాడు. అవ్వ తుపాకిని మెల్లగా బల్లమీద పెట్టింది.

"మాకేం తెలుసప్పా. మా ఇంటాయన కాలుస్తాంటే చూస్తాంటిని."

ఆయన వదులు అనే రాసుకున్నాడు. బస్సులో అవ్వ ఎడమచేత్తో కుడిభుజం పట్టుకొని కూర్చుంది. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు ఆ చేన్లో బోరు ఎండిపోయి నీలగిరి చెట్లు లేచాయి. ఆ మిస్త్రీ లేడు, అవ్వా లేదు. మా చుట్టాలు పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా తాత గురి గురించి గొప్పగా చెప్పుకుంటారు. మొన్న కూడా చెప్పారు. నేను అవునవునన్నాను.