కబురు వచ్చేదాకా ఊడవని ఇల్లు

నిన్న పొద్దున విశాఖపట్నం నుంచి ఫోన్ వచ్చింది. "బావు, అమ్మ ఎలిపోనాది. నిద్దర్లోనే," అంది అక్కడ ఒకప్పుడు మాకు గది అద్దెకిచ్చినావిడ కూతురు. గరివిడిలో మా ఇంటి అరుగు మీద నిలబడి విన్నాను. గుమ్మంలో నా భార్య కాఫీ గ్లాసు పట్టుకుని నా ముఖమే చూస్తోంది. నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

పోయినావిడ మాకు చుట్టం కాదు. కొన్నేళ్ళ కిందట నా భార్యకు గుండె ఆపరేషన్ అయినప్పుడు తన ఇంట్లో గది ఇచ్చిన ఇంటావిడ. అద్దెకే ఇచ్చింది. ధర్మానికి ఇచ్చిందని రాస్తే కోప్పడేది. పత్రికలో పేరు పడటం ఆవిడకు ఇష్టం ఉండదు కనుక పేరు రాయడం లేదు. మా చుట్టాల పేర్లూ రాయడం లేదు. ఎవరి గురించి రాశానో వాళ్ళకు తెలుస్తుంది.

గుండెలో కవాటం మార్చాలని డాక్టరు చెప్పాడు. పరీక్షలకు ముందే విశాఖపట్నం వెళ్ళాలి, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు ఆస్పత్రికి దగ్గరలో ఉండాలి. అప్పటికే నా భార్యకు నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఆమె ఊపిరి వింటూ కూర్చోవడమే నాకు పనైపోయింది. అంత పెద్ద ఊళ్ళో ఎక్కడ దిగాలి? లాడ్జిలో దిగుదామంటే ఆమె తల అడ్డంగా ఊపింది. "నాలుగ్గోడల మధ్య భయమేస్తాది. మనుషులున్న ఇల్లు సూడండి," అంది.

ఆమె సొంత తమ్ముడికి అక్కడ సముద్రం కనిపించే ఫ్లాటు ఉంది. చదువుకునే రోజుల్లో అతనికి మా ఇంటి నుంచే భోజనం క్యారేజీ వెళ్ళేది. ఫోన్ చేశాను. "తప్పకుండా రండి బావా. కాకపోతే మార్బుల్‌కి పాలిష్ పట్టిస్తున్నాం. ఎప్పటికవుతాదో మేస్త్రీ సెప్పడం నేదు," అన్నాడు. సభల్లో అతను ఇలా మాట్లాడడు. అబద్ధం ఆడేటప్పుడే మన ఊరి యాస బయటికొస్తుంది. ఈ వ్యాసం అతను చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

ఉత్తచేతులతో పంపకూడదనుకున్నాడేమో, ఫోన్లో ఒక హోమ్‌స్టే వెతికి పెట్టాడు. "రేటింగ్ చుక్కలన్నీ నిండుగా ఉన్నాయి బావా. స్థానిక కుటుంబంతో కలిసి ఉండొచ్చట," అన్నాడు. వెళ్ళాం. హాల్లో బంతిపూలు చుట్టిన ఉయ్యాల, ఎన్నడూ పొయ్యి ఎక్కని ఇత్తడి గిన్నెల వరస. ఇంటాయన నవ్వుతూ ఎదురొచ్చి, నీలం తిరిగిన నా భార్య పెదాలు చూసి ఆగాడు. "పేషెంటా? సారీ సార్. మిగతా గెస్టుల మూడ్ పాడవుతుంది." అతిథుల గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిని రాసిన వాళ్ళు తమ ఇంట్లో ఎప్పుడైనా రోగికి మంచం వేశారో లేదో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆస్పత్రి ముందు మందుల షాపు అతను జాలరిపేట వైపు ఒక సందు చూపించాడు. మేం ఆ ఇల్లు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. వాకిట్లో బాదం ఆకులు. లోపల నేల మీద ఇసుక, చల్లిన మరమరాలు. పొద్దున్నుంచి చీపురు పడిన జాడ లేదు. "పద, పోదాం. ఈ దుమ్ములో ఆపరేషన్ గాయానికి చీము పడితే?" అన్నాను మెల్లగా. నా భార్య అప్పటికే బల్ల మీద కూలబడింది.

"కూకో అప్పా, కూకో. బావు నిలబడతారులే, మగోల కాళ్ళకేటి," అంటూ ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. నా చూపు ఎక్కడుందో కనిపెట్టేసింది. "ఊడవనేదనేటి సూస్తన్నారు? పక్క గదిలో ఉన్న రాజాం ముసిలాయన్ని పొద్దున ఆపరేషన్‌కి తీసికెల్లారు. బయటికొచ్చినట్టు కబురొస్తేగానీ నాను సీపురు ముట్టను."

ఎవరైనా ఊరికి బయల్దేరితే వెంటనే ఇల్లు ఊడవకూడదని మన ఇళ్ళలోనూ అంటారు. బస్సు కదిలే వేళకు ఆ పట్టింపు తీరిపోతుంది. ఆవిడది కళింగపట్నం. "మా అయ్య ఏటకెల్తే పడవ కెరటాలు దాటీదాకా మాయమ్మ సీపురు పట్టీది కాదు. ఇక్కడ సముద్రం నేదు, ఆస్పత్రున్నాది. అంతే," అంది.

"మూఢనమ్మకం," అన్నాను.

"అవును బావు. రేపు మీరు ఆపరేషన్ గది తలుపు బయట కూకుంటారు కదా, డాక్టరుకి సాయం పడతారేటి?"

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. ముసలాయన బయటికొచ్చాడని కబురు. ఆవిడ కొంగు బిగించి చీపురు అందుకుంది. మంచాలు జరిపి, మూలమూలలా ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది. నా భార్య అదంతా చూస్తూ అంది: "ఇక్కడే ఉందాం. నాను లోపలున్నంతసేపూ ఓ ఇల్లు నాకోసం ఆగుంటాది."

ఆపరేషన్ రోజున ఆస్పత్రి వరండాలో ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ప్రతిసారీ ఇంకెవరి పేరో పిలిచారు. బావమరిది యాపిల్ పళ్ళతో వచ్చి, పార్కింగ్ దొరకలేదని పళ్ళు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. పొద్దు వాలాక డాక్టరు బయటికొచ్చి, కళ్ళు తెరిచిందనీ, చూడ్డానికి మర్నాడు రమ్మనీ చెప్పాడు. నడుస్తున్నానో పరిగెత్తుతున్నానో తెలియకుండా సందు చేరాను.

దీపాలవేళ దాటిపోతోంది. దీపం పెట్టాక చీపురు పట్టకూడదు, పెట్టకముందే ఊడవాలి. సందులో అన్ని వాకిళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ఈ ఇంటి ముందు మాత్రం నేల కనపడకుండా బాదం ఆకులు. ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎదురింటావిడ అరుస్తోంది: "ఒసే, లచ్చిందేవి నీ గుమ్మం సూసి ఎనక్కెల్లిపోతాదే!"

"ఎల్తే ఎల్లనీ. నీ మొగుడు ఊరెల్తే నువ్వు రెండుసార్లు ఊడుస్తావు, మళ్ళీ రాకుండా. నీకేటి తెలుస్తాది!"

అలా అంటూనే నన్ను చూసి ఆగిపోయింది. "కళ్ళు తెరిచింది," అన్నాను. ఆవిడ ఆ ఆకుల మీదే కూర్చుండిపోయింది. తర్వాత లేచి, వేళ మించిపోతోందని ఊడవకుండానే దీపం పెట్టింది.

తర్వాత ఉన్నన్నాళ్ళూ మా వంటకు వేరే పొయ్యి ఇచ్చింది. పెరట్లో ఎండే చేపల మీద కాకులు వాలితే, వాటితో మనుషులతో మాట్లాడినట్టే దెబ్బలాడేది. ఒకసారి బావమరిది ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అక్కను చూడటానికి వచ్చాడు. "బావు, మీ అప్ప లోపలున్నాది. ముక్కు బయటెట్టి రండి," అంది. ఆ మాట గుర్తొస్తే నాకు ఈనాటికీ కడుపు నిండుతుంది. మేం గరివిడికి బయల్దేరిన రోజున, ఇల్లు చేరగానే ఫోన్ చేయమని మూడు స్టేషన్లు దాటేలోపే రెండుసార్లు తనే ఫోన్ చేసి గుర్తు చేసింది. చేరామని చెప్పగానే అవతల చీపురు చప్పుడు వినిపించింది.

ఇది రాస్తుంటే మధ్యాహ్నమైంది. నిన్నటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఊడవలేదు. ఇందాక నేనే చీపురు అందుకోబోయాను.

"ఆగండి," అంది నా భార్య. "ఆవిడ సేరినట్టు కబురు రానేదు కదా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చీపురు తలుపు మూలనే ఉంది. వాకిట్లోంచి ఎండుటాకులు గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి. వాటిని చూస్తూ ఆమె గడప మీద కూర్చుంది. ఇంట్లో వేరే చప్పుడేదీ లేదు. ఆమె గుండెలో అమర్చిన కవాటం మాత్రం చిన్న గడియారంలా కొట్టుకుంటూ నాకు వినిపిస్తోంది.