నీళ్ళు లేని జజీరా

ఒక మనిషికి అరబ్బీలో ఒకే ఒక్క మాట బాగా తెలిస్తే ఒక కుటుంబానికి ఎంత నష్టం జరుగుతుందో చెబుతాను. ఆ మనిషి నేనే. ఆ మాట జజీరా. అంటే దీవి.

షార్జాలో పద్దెనిమిదేళ్ళు స్టోర్‌కీపరుగా పనిచేసి నేను సంపాదించిన అరబ్బీ మొత్తం ఒక అగ్గిపెట్టెలో పడుతుంది. పద అనడానికి యల్లా, అయిపోయింది అనడానికి ఖలాస్, ఇంకా వేన్, మోయా. వాటిని అటూ ఇటూ తిప్పి, మధ్యలో హిందీ కలిపి మాట్లాడుతుంటే నా చెవికి నేనే పండితుడిలా వినిపించేవాణ్ణి. నా భార్య కరుణ నర్సు. ఆసుపత్రిలో రోజూ అరబ్బు ముసలమ్మలకి మందులు మింగించి, వాళ్ళ కోడళ్ళ మీద చాడీలన్నీ వినేది. ఆవిడకి ఆ భాష నిజంగా వచ్చు. అందుకే ఆవిడని ఎప్పుడూ అడిగేవాణ్ణి కాదు.

ఇది నాలుగేళ్ళ కిందటి సంగతి. కరుణ కాంట్రాక్టు అయిపోయింది. మా అమ్మాయి షారోన్ పదో తరగతి రాసింది. తల్లీకూతుళ్ళు కాకినాడ వెళ్ళిపోవాలనీ, నేను ఇక్కడే ఉండాలనీ అందరం కలిసి నిర్ణయించుకున్నాం. అంటే, నేను చెప్పాను, వాళ్ళు విన్నారు.

"వెళ్ళేలోపు ఏం కావాలో అడుగమ్మా," అన్నాను జమీందారులా.

"కారవాన్‌లో ఏదైనా దీవికి వెళ్దాం డాడీ. పొద్దున్న లేచి తలుపు తీస్తే నాలుగు వైపులా నీళ్ళుండాలి. అంతే."

అంతే. పిల్ల పుట్టి బుద్ధెరిగాక నన్ను అడిగిన పెద్ద కోరిక అదొక్కటే.

కరుణ అప్పటికే వెతికిపెట్టింది. ఉత్తరాన సముద్రంలో మట్టి పోసి కట్టిన ఒక దీవి. వంతెన మీదుగా బండి నేరుగా పోతుంది. నీళ్ళ పక్కనే ఒక చోటు కూడా ఫోన్లో మాట్లాడి ఉంచింది.

"మనుషులు కట్టిన దీవా? డూప్లికేటు సరుకు. వద్దని చెప్పేయి," అన్నాను. మ్యాపు మీద వేలు పెట్టాను. "ఇదిగో, జజీరత్ అల్ హమ్రా. ఎర్ర దీవి. ఒరిజినల్. పేరులోనే ఉంది."

"మా ఊరి పేరు చివర కూడా లంక అనే ఉందండీ," అంది కరుణ. "ఆటోలో వెళ్తాం. కుళాయిలో తప్ప నీళ్ళు కనపడవు. ఎవర్నైనా ఒక మాట అడగండి."

"పద్నాలుగేళ్ళ నుంచి ఈ దేశంలో ఉన్నాను. నేనొకళ్ళని అడగాలా?"

కరుణ ఫోన్ చేసి ఆ చోటు వద్దని చెప్పేసింది. గెలిచాననుకున్నాను.

కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, మా అల్ నహ్దా ఫ్లాటులో లాగే గడియ పడని బాత్రూము, అన్నీ ఉన్నాయి. అద్దెకిచ్చిన పఠాన్ తాళం ఇవ్వబోతూ అడిగాడు.

"కిధర్?"

"జజీరత్ అల్ హమ్రా. ఫ్యామిలీ కే సాథ్."

ఆయన చెయ్యి వెనక్కి పోయింది. "ఉధర్ జిన్ హై, భాయ్."

అక్కడ జిన్ అనే మందు దొరుకుతుందని ఆశ పెడుతున్నాడనుకున్నాను. "హమ్ నహీ పీతా. చర్చికి వెళ్ళే మనిషిని," అన్నాను ఛాతీ విరిచి. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, తాళం చేతిలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పింది దయ్యాల గురించని తర్వాత తెలిసింది.

గంటన్నర నడిపాను. చేరుకున్నారని ఫోన్ ప్రకటించింది. దిగి చూస్తే పైకప్పుల్లేని ఇళ్ళు, తలుపుల్లేని గుమ్మాలు, గదుల నిండా ఇసుక. ఒక ఊరి జనమంతా ఎప్పుడో లేచి వెళ్ళిపోయిన చోటు అది. నీటిచుక్క లేదు. షారోన్ కారవాన్ మెట్టు మీద నిలబడి నలువైపులా చూస్తోంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఒక అరబ్బు పెద్దాయన కారు ఆపి దిగాడు. నా పాండిత్యానికి పని పడింది.

"వేన్ జజీరా?" దీవి ఎక్కడ అని అడిగాను.

"హాదా జజీరా," అంటూ కాళ్ళ కింది నేల చూపించాడు. ఇదేనట.

"వేన్ మోయా?" నీళ్ళేవి అని నిలదీశాను.

ఆయన ముఖంలో జాలి కనపడింది. గబగబా కారు దగ్గరికి వెళ్ళి, చల్లటి నీళ్ళసీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

కరుణ దిగి ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడింది. ఆయన రెండుసార్లు నవ్వాడు కూడా.

"ఒకప్పుడు చుట్టూ నీళ్ళుండేవట," అంది వచ్చి. "తర్వాత పూడ్చేశారట. జనం మంచి బతుకు వెతుక్కుంటూ వెళ్ళిపోయారట."

"ఇంకేమన్నాడు?"

"మీరు నాకేమవుతారని అడిగాడు."

"ఏం చెప్పావ్?"

"డ్రైవరని చెప్పాను."

కరుణ ముందు మాట్లాడి ఉంచిన చోటు కోసం మళ్ళీ ఫోన్ చేస్తే వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు. ఆ రాత్రి పెట్రోలు బంకు వెనక పడుకున్నాం. పొద్దున్న షారోన్ తలుపు తీసింది.

"నాలుగు వైపులా లారీలు డాడీ," అంది మెల్లగా.

తిరిగి వస్తుంటే షార్జాలో ఒక పెద్ద రౌండెబౌట్ దగ్గర తనే ఆపమంది. మధ్యలో పచ్చగడ్డి, నాలుగు ఖర్జూరం చెట్లు. కరుణ కట్టి తెచ్చిన అన్నం, రొయ్యల పచ్చడి విప్పి కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నామో లేదో గడ్డిలోంచి గొట్టాలు లేచి నలువైపుల నుంచీ నీళ్ళు చిమ్మాయి. అదే సమయానికి పోలీసు బండి వచ్చి ఆగింది. మైకులో ఒక గొంతు, "జజీరా మమ్నూ!"

కరుణ కంచం నెత్తిన పెట్టుకుని తర్జుమా చేసింది. "ఈ దీవి మీద కూర్చోకూడదంటున్నాడు. రోడ్డు మధ్య గడ్డిని కూడా వీళ్ళు జజీరా అనే అంటారు."

"నాలుగు వైపులా నీళ్ళు డాడీ," అని షారోన్ తడిసి ముద్దయి నవ్వింది. కరుణ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ముగ్గురం కలిసి నవ్వడం నాకు గుర్తున్నంతలో అదే ఆఖరు. నెలాఖరుకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక్క ఏడాదే, తర్వాత నేనూ వచ్చేస్తాను అన్నాను. అది కూడా ఎవర్నీ అడక్కుండానే చెప్పిన మాట.

ఇప్పుడు అదే అల్ నహ్దాలో ఒక గదిలో ఆరుగురం మగాళ్ళం ఉంటున్నాం. మొన్న ఒక సెలవు రోజున ఒక్కణ్ణే ఆ డూప్లికేటు దీవికి వెళ్ళాను. ఎటు తిరిగినా నీళ్ళే. వీడియోకాల్ చేసి ఫోన్ చుట్టూ తిప్పి చూపించాను.

"దారి ఎవర్నడిగారు?" అంది కరుణ.

"బస్సులో పక్కనున్న మలయాళీని."

"ఏ భాషలో?"

"హిందీలో."

ఫోన్ మళ్ళీ నీళ్ళ వైపు తిప్పాను.

"షారోన్‌కి ఇవ్వు. చూస్తుంది."

"ఫ్రెండ్స్‌తో బయటికెళ్ళిందండీ. ఉన్నా చూడదేమో. దానికిప్పుడు దీవుల సరదా లేదు."

కాబట్టి ఆ పెద్దాయన ఇచ్చిన ఖాళీ సీసా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట కుటుంబంతో ఎక్కడికి బయల్దేరినా ముందు కరుణని అడుగుతాను. ఆవిడ చూపించిన వైపే బండి తిప్పుతాను. ఎవరైనా ఆరా తీస్తే డ్రైవరునని నేనే చెబుతాను. ఈ ప్రమాణం ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పే అవకాశం రాలేదు.