బాబాయి వినాల్సిన పిలుపు

బాబాయి పోయారని పిన్ని ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది తగ్గాక రాద్దామనుకుంటే ఈ నాలుగు మాటలు ఎప్పటికీ రాయలేను. అందుకే ఇప్పుడే కూర్చున్నాను.

ఆయన ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేసి, రిటైరయ్యాక నేరేడ్‌మెట్‌లో ఇల్లు కట్టుకున్నారు. పుట్టింది కాకినాడ. సముద్రం వదిలి ఇక్కడికెందుకొచ్చారని ఎవరైనా అడిగితే, "చూసింది చాలమ్మా, ఇంక వింటాను" అనేవారు. మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకి తీగ కట్టి, కింద హాల్లో పాత రేడియో రిసీవర్ పెట్టుకుని, బంగాళాఖాతంలో ఓడలవాళ్ళు మాట్లాడుకునేది వింటూ కూర్చునేవారు.

హాల్లో గోడ గడియారం మీద గంట దగ్గరా, అరగంట దగ్గరా మూడేసి నిమిషాల మేర ఆకుపచ్చ రంగు పూశారు. తలుపులకు వేయగా మిగిలిన పెయింటు అది. పెద్దముల్లు ఆ రంగులోకి వచ్చిందంటే ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. ఒకప్పుడు ఓడల్లో అదే పద్ధతి. ఆ కాసేపు అందరూ మాటలాపి, ఆపదలో ఉన్నవాడెవడైనా పిలుస్తున్నాడేమోనని చెవి పెట్టేవారు. ఇప్పుడా నియమం లేదు, ఆ పని యంత్రాలు చూసుకుంటున్నాయి. బాబాయి ఇంట్లో మాత్రం కుక్కర్ కూత పెట్టినా పిన్ని మీద కళ్ళెర్రజేసేవారు.

నేనూ, కాప్రాలో ఉండే ఒక స్నేహితుడూ కలిసి చిన్న తెరచాప పడవ కొని కాకినాడలో పెట్టుకున్నాం. ఒడ్డు వదిలి లోపలికి వెళ్తే సెల్లు పనిచేయదు. దూరానికి పలికే రేడియో కావాలి. దానికి రెండు అనుమతులు, మాట్లాడే మనిషికొకటి, పడవకొకటి. నా అనుమతికి రాయాల్సిన పరీక్షకు బాబాయే చదివించారు. మైకు బదులు చేతికి గరిటె ఇచ్చేవారు. ఆపద పిలుపు ముమ్మారు, పడవ పేరు ముమ్మారు, తర్వాత లైసెన్సుతో పాటు పడవకిచ్చే గుర్తింపు అక్షరాలు, అంటే కాల్ సైన్, ఎక్కడున్నామో, ఏమైందో. కాల్ సైన్ ఇంకా రాలేదు కాబట్టి అక్కడ నన్ను ఆపేవారు. "ఉత్తుత్తి పేరు పెట్టకు. రాలేదు కదా, ఖాళీగానే ఉండనీ."

నేను పరీక్ష పాసయ్యాను. పడవ లైసెన్సే కదల్లేదు. ఆఫీసులో గుమాస్తా మా అడ్రసు చూసి నవ్వాడు.

"ఏందీ మేడమ్, నేరేడ్‌మెట్‌ల సముద్రం యాడిది? జెర ఆగుండ్రి, పెద్దసార్ చూడాలె."

పెద్దసారు చూశాడు. పడవ ఒకచోట, మనిషి ఒకచోట ఏమిటని తిప్పి పంపాడు. వివరంగా రాసిచ్చాం, మళ్ళీ తిప్పాడు. చేతికర్ర పట్టుకుని బాబాయి ఆ మెట్లెక్కి దిగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన కోరిక ఒక్కటే. నేను సముద్రం మీంచి పిలవాలి, ఆయన హాల్లో కూర్చుని వినాలి. గుండె బాగాలేదని డాక్టర్లు తేల్చాక కూడా "నీ గొంతు విన్నాకే పోతాలే" అన్నారు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోనివ్వలేదు వీళ్ళు.

కాప్రా మిత్రుడిది ఇంకో తీరు. "లైసెన్స్ గిట్ల ఎందుకు అంకుల్? సెట్ కొని పెట్టేస్తే అయిపాయె. నడి సముద్రంల ఎవడు చూస్తడు?" అన్నాడు.

"చూసేవాడుండడు బాబూ, వినేవాడుంటాడు. నువ్వెవరివని వాడడిగితే ఏం చెప్తావు?" అన్నారు బాబాయి.

పెద్దకర్మ రోజు ఆ మిత్రుడే లేచి, అంకుల్ ఎంత నియమం గల మనిషో, ఆయనంటే తనకెంత ప్రాణమో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఆఫీసుకి ఒక్కసారి తోడు రాని మనిషి. పళ్ళు నూరుతూ విన్నాను. ఇక ఆగలేక నోరు తెరవబోతుంటే పిన్ని చెయ్యెత్తింది.

ముల్లు ఆకుపచ్చలోకి వచ్చింది.

పిన్ని లేచి రిసీవర్ ఆన్ చేసి, బాబాయి కుర్చీలో కూర్చుంది. హాలంతా సద్దుమణిగింది. గరగర తప్ప ఇంకేమీ వినపడలేదు. రంగు దాటేదాకా ఆమె తల పైకెత్తలేదు.

"లైసెన్సు వచ్చిందా?" అంది తర్వాత నా వైపు తిరిగి.

"ఇంకా లేదు పిన్నీ."

"రేపు నేనూ వస్తాను ఆఫీసుకి. పిలిచేదానివి నువ్వు, వినేదాన్ని నేను. ఎవడు నవ్వుతాడో చూద్దాం."

గోడకి ఆనించిన బాబాయి చేతికర్రని తీసి ఒళ్ళో పెట్టుకుంది. రిసీవర్ మాత్రం ఆపలేదు.