పోట్లాటలు ఆఖరున తీసిన సీరియల్

1987 నవంబరులో ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థ నన్ను పదమూడు వారాల హాస్య సీరియల్‌కు సహాయ దర్శకునిగా నియమించింది. షూటింగు గోపాలపట్నంలోని ఒక హోటల్లో. పెందుర్తిలోని మా ఇంట డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. ఆ విద్యార్హతను గుర్తించి నాకు అప్పగించిన బాధ్యత, క్లాప్ పలక మీద సుద్దతో సీను నంబరు వేయడం. దానిని గుండ్రటి అక్షరాలతో, శ్రద్ధగా నిర్వర్తించాను.

కథ ఇద్దరు ఆడ సర్వర్లది. ఒకామె చదువుకున్న సౌమ్యురాలు, రెండో ఆమె నోరున్న మనిషి. మొదట పోట్లాడుకుంటారు, తర్వాత ప్రాణస్నేహితులై పాడుబడ్డ హోటలును బాగుచేస్తారు. ఆ రోజుల్లో మా ఊరి హోటళ్లలో ఆడ సర్వరును నేను చూసి ఎరుగను. కనుక ఇది సంఘసంస్కరణ అని టీవీ కేంద్రానికి పంపిన ప్రతిపాదనలో రాశారు, ఆమోదం వచ్చింది.

సౌమ్యురాలి వేషం పాత ఊరి బట్టల వ్యాపారి కూతురు షమీమ్‌ది. రెండవది నూకరత్నానిది. ఆమె సముద్రపు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన నాటకాల నటి. ఈ వేషం కోసం ఒప్పుకున్న నాటకాలన్నీ వదులుకుని వచ్చింది.

సీన్లను కథ వరుసలో తీయరు. స్థలానికి ఏది అనువైతే అది ముందు. మా విషయంలో ఆ వరుసను హోటలు యజమాని అప్పలరాజు గారు నిర్ణయించారు. టీవీవాళ్లు వస్తున్నారన్న గౌరవంతో, ఎవరూ అడగకుండానే హాలంతటికీ లేతాకుపచ్చ రంగు వేయించారు. "టీవీలో మా హోటల్ మెరిసిపోవాల సార్" అన్నారు. మాకు కావలసినవి మసిపట్టిన గోడలు. అందువల్ల హోటలు బాగుపడ్డాక వచ్చే స్నేహం సీన్లు ముందు తీసి, ఆపైన గోడలకు బొగ్గుపొడీ టీ డికాక్షనూ పూసి పోట్లాటలు తీయాలని దర్శకులు సెలవిచ్చారు. ఆ పూత చూడలేక అప్పలరాజు గారు ఊరు విడిచి వెళ్లారు.

పరిచయమైన ఉదయమే ఆ ఇద్దరూ కౌగిలించుకోవలసి వచ్చింది. మధ్యలో సైకిలు పట్టేంత చోటు వదిలి కౌగిలించుకున్నారు. పోట్లాటల వంతు వచ్చేసరికి నిజంగానే స్నేహం కుదిరి, ఒకే క్యారియర్లో తినసాగారు. "నీ మొహం చూస్తే పాలు విరుగుతాయి" అని షమీమ్ అనగానే నూకరత్నం పకపకా నవ్వేది.

"ఏటి సెయ్యను సార్, ఇది తిడతంటే ముద్దొస్తంది."

సాయంత్రంలోగా నూకరత్నానికి కోపం రాకపోతే ఆ వేషానికి నిర్మాతగారి మరదలిని హైదరాబాదు నుంచి పిలిపిస్తామని దర్శకులు ప్రకటించారు. ఆమెకు నటన రాదుగానీ కోపం వచ్చునట. అప్పుడు స్నేహం సీన్లు కొత్తామెతో మొదటి నుంచి తీయాలి, అందుకోసం గోడలకు మళ్లీ రంగు వేయాలి గదా అని నాకు తోచింది. చెప్పడం నా హోదాకు మించిన పని.

నూకరత్నం నవ్వు ఆగింది. దానితో పాటు మాటా ఆగింది. బెదిరిన మనిషికి కోపం ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు షమీమ్ ఆమెకు వినబడేలా దర్శకులతో గట్టిగా అంది: "తీసేయండి సార్. ఈమెతో పాటు నా పేరూ పోయేలా ఉంది."

కెమెరామన్ ముందుచూపు గలవాడు, మీట నొక్కాడు.

"ఏటే! నన్ను తీసీమంటావా? నా క్యారియర్లో సేపలు తిన్నప్పుడు పోనేదేటే నీ పేరు?" నూకరత్నం చేతిలోని ట్రే బల్ల మీద పడింది, గ్లాసులు దొర్లాయి. కథకు అతికినట్టు సరిపోయింది. "ఓకే" అన్నారు దర్శకులు, ఆ మాటలు తామే రాసినట్టు. మొత్తం షూటింగులో నేను నంబరు వేయని టేకు అదొక్కటే.

వేషం నిలిచింది. "నీ కోసమే అన్నానే, రత్నం" అని షమీమ్ చెప్పింది. నూకరత్నం నమ్మింది. నమ్మి కూడా అడిగింది: "నా కోసమేనే, కాదన్ను. కానీ అంత మాట నీ నోట ఎలగొచ్చీసిందే?"

మరునాటి నుంచి వారి క్యారియర్లు వేరయ్యాయి. మిగిలిన పోట్లాటలన్నీ ఒక్కొక్క టేకులోనే పూర్తయ్యాయి. టేపు ఆదా అయిందని నిర్మాతగారు అందరికీ మిఠాయి పంచారు. స్నేహం సీన్లు ముందే తీసి ఉన్నందున వారి స్నేహంతో ఇక ఎవరికీ పని లేకపోయింది. ప్రసారానికి ముందు చూసి ఆమోదించే కమిటీవారు, స్నేహాన్ని ఎంతో సంస్కారవంతంగా చూపించారని మెచ్చుకున్నారు.

తర్వాతి కాలంలో షెడ్యూళ్లు వేసే హోదా నాకూ వచ్చింది. గోడల సంగతి ఎలా ఉన్నా, పోట్లాట సీన్లను రెండో రోజుకే పెట్టేవాణ్ణి. అప్పటికి నటుల మధ్య చెడడానికి ఏమీ ఉండదు.