వార్నాలో ఖాళీ సమాధి

మొన్న మేడ్చల్ చౌరస్తాలో ఒక బండి మీద సన్న చేపలు నూనెలో వేగుతున్న వాసన తగిలింది. వెళ్లే పని మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. నల్ల సముద్రం ఒడ్డున, బల్గేరియాలో, వార్నా అనే రేవు పట్నంలో సాయంకాలాలు ఇదే వాసన వచ్చేది. నన్ను అక్కడికి తీసుకుపోయింది యాదగిరి సారు.

సారు శామీర్‌పేట దగ్గరి రైతు. పొలాలు ప్లాట్లవుతున్న కాలంలో వెంచర్లు వేసి పెద్దవాడయ్యాడు. డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను సైటు ఆఫీసులో పెట్టుకొని, మనుషులతో ఎట్లా మాట్లాడాలో, నేలను ఎట్లా చూడాలో నేర్పాడు. తాను చదివింది ఏడో తరగతి. కూతురికి వార్నాలో డాక్టరు సీటు వస్తే, ఆమెను దింపి రావడానికి ఇంగ్లీషు కోసం నన్ను వెంటబెట్టుకున్నాడు.

ముందు సముద్రం, వెనక పెద్ద సరస్సు, రెంటినీ కలుపుతూ తవ్విన కాలువ, రేవులో క్రేన్లు. ఆ నీళ్ల నడుమ ఊరు. గ్రీకులు ఓడల్లో వచ్చి కట్టుకున్నారట, తరువాత రోమన్లు, తురుష్కులు ఏలారట. సారుకు అన్నీ తెలియాలి. "నల్ల సముద్రమంటరు, నీలంగున్నదేందిరా?" అని ఒడ్డున గట్టిగా అడిగాడు. ప్యాంటు మడిచి దిగి, నీళ్లు నెత్తిన చల్లుకొని దండం పెట్టాడు. అందరూ చూస్తుంటే నేను సిగ్గుపడి, ఆయనెవరో తెలియనట్టు పక్కకు జరిగాను.

మరునాడు మ్యూజియానికి వెళ్లాం. వేల ఏళ్ల నాటి సమాధుల్లో దొరికిన బంగారం చూపిస్తూ గైడు పిల్ల చెప్పింది. సరస్సు పక్కన కందకం తవ్వుతున్న మిషను డ్రైవరుకు మట్టిలో ఏదో మెరిసిందట. పని ఆపి దిగి చూశాడట. అట్లా బయటపడింది ఆ శ్మశానం. కొన్ని గుంతల్లో మనిషే లేడు. మట్టితో ముఖం చేసి, బంగారు రేకులు అద్దారు. ఎక్కడో పోయి శవం దొరకనివాళ్ల కోసం కావచ్చునంది. నేను తెలుగులో చెప్పాను. సారు ఆ మట్టి ముఖం ముందు నుంచి కదల్లేదు.

"పీనుగు దొర్కకున్నా బొంద దవ్విన్రా?"

"అట్లనే అంటున్నది సారూ."

"డ్రైవరు బండి ఆపిండా?"

"ఆపిండట."

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "మన సైదులు గూడ ఆపిండు గదరా," అన్నాడు.

అంతకు ముందు ఏడాది మా వెంచరు చదును చేస్తుంటే ఒక మూల ఎముకలు తేలాయి. కూలి కుటుంబాలు తమవాళ్లను పాతిపెట్టుకునే బొందలగడ్డ అది. వాళ్ల దగ్గర కాగితాలు లేవు. సైదులు జేసీబీ దిగి, "సారూ, నాతోని గాదు," అన్నాడు. నేను ఫోన్ చేస్తే సారు పని ఆపకుండా నడిపించమన్నాడు. నేను సైదులును పంపేసి ఇంకో డ్రైవరును పిలిపించాను. సముద్రం దగ్గర సారును చూసి నేను పడ్డ సిగ్గు ఎంత చవకదో ఆ బెంచీ పక్కన నిలబడ్డప్పుడు తెలిసింది.

తిరిగి రాగానే సారు నన్ను తీసుకొని లక్ష్మమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె మొగుణ్ణి పాతిపెట్టింది అక్కడే. "తప్పయింది అక్కా. ఆ మూల నేను అమ్ముకోను. అది మీదే," అన్నాడు.

చేతిలో చేట కింద పెట్టి ఆమె అంది: "జాగ ఇస్తవ్ పటేలా. మా ఆయన ఏడున్నడో సూపిస్తవా? దీపం యాడ పెట్టాలె?"

ఎముకలు కలిసిన ఆ మట్టిని లారీలకెత్తించింది నేను. గండిమైసమ్మ వైపు ఎన్ని గుంతల్లో పోశారో నాకూ తెలియదు.

సారు ఇప్పుడు లేడు. ఆ మూల ఖాళీగానే ఉంది. నేను ఇంకా ఇదే పనిలో ఉన్నాను. ఏ నేలకు పోయినా కాగితాల కన్నా ముందు చుట్టుపక్కల ముసలివాళ్లను అడుగుతాను, ఇక్కడ ఎవరున్నారని. అది మంచితనం కాదు, భయం.

కీసర బస్సులో అప్పుడప్పుడు లక్ష్మమ్మ కనబడుతుంది. నన్ను గుర్తుపట్టి, జరిగి చోటిస్తూ, "కూసో బిడ్డా," అంటుంది. "గీడనే దిగుత అవ్వా," అని అబద్ధం చెప్పి, కీసర దాకా ఆమె ఎదుటే నిలబడి పోతాను.