మాట కోసం గ్రంథాలయానికి

పక్షవాతం వచ్చి నా భర్తకు కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఆటో నడిపేవాడు. బస్టాండులో నిలబడి "మనూర్, మనూర్" అని ఆ ఊరికి పోయేవాళ్లను ఆయన పిలిస్తే, రోడ్డవతల కుట్టుమిషను దగ్గర కూర్చున్న నాకు వినిపించేది.

"మాట రావొచ్చు, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు దవాఖానలో డాక్టరు. చర్చిలో ప్రార్థన చేయించాను, దర్గాలో తాయెత్తు కట్టించాను. రోజూ ఎదురుగా కూర్చుని "అమ్మ అను, అయ్య అను" అనేదాన్ని. పెదవులు కదిలేవి, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. కొన్నాళ్లకు కదపడం కూడా మానేశాడు.

అప్పుడే మా నారాయణఖేడ్ గ్రంథాలయంలో ఒక ప్రదర్శన పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి పేపర్లు చదివే గదిని చీకటి చేసి, మైకు పెట్టింది. ఎవరు మాట్లాడినా ఎదుటి గోడమీద రంగుల వెలుగులు పాకుతాయట. తన గొంతు కంటికి కనబడితేనైనా నోరు తెరుస్తాడేమోనని ఆయనను తీసుకుపోయాను.

"చిన్న సప్పుడైనా చాలక్కా, గోడకు తెలుస్తది" అంటూ ఆ అమ్మాయి కుర్చీ వేసింది.

ఆయన మైకు వైపు చూస్తూ కూర్చున్నాడు. గోడమీద చీకటే. కాసేపటికి ఒక నీలిచార మెరిసింది.

"మాట్లాడిండు, చూసినవా?" అన్నాను.

ఆ అమ్మాయి తల దించుకుంది. "బయట బండి హారనక్కా."

ఇక నా వల్ల కాలేదు. ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. "ఒక్కమాట అను. నీకు దండం పెడత. తిట్టు నన్ను, ఏదన్న ఒకటి అను." నా గొంతు పెరిగినకొద్దీ గోడ ఎర్రగా మండింది. ఆయన గోడను చూశాడు, నన్ను చూశాడు. ఎడమచెయ్యి ఎత్తి నా నోరు మూశాడు. గోడ ఆరిపోయింది. ఆపమంటున్నాడో, ఓదారుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ చీకట్లో ఆయన వెక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నాడని భుజం కదలడాన్ని బట్టి తెలిసింది. గోడకు అవి కూడా వినబడలేదు.

ఆ అమ్మాయి లైటు వేసి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగకుండానే వచ్చేశాం.

మాట ఇప్పటికీ రాలేదు. మళ్లీ పోతే డాక్టరు, "చాలా రోజులైంది కదా" అన్నాడు. నేను బతిమాలడం మానేశాను. ఇంటికొచ్చినవాళ్లు "ఎట్లున్నవన్నా?" అని పలకరిస్తే ఆయన నా ముఖం చూస్తాడు.

"మంచిగున్నడు" అని నేనే చెబుతాను.