జడ వేసిన తండ్రి

నిజాం కాలంలో ఒకసారి షాద్‌నగర్‌లో రైలెక్కాను. ఎదుటి బల్ల మీద ఒక గొర్రెల కాపరి తన చిన్న కూతురికి జడ వేస్తున్నాడు. తల్లి నిరుడే చనిపోయిందట. పక్కన కాళ్లు బారజాపుకున్న, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ ఒకడు అది చూసి ఇకిలించాడు.

"మొగోనివి, నీకు గీ ఆడోళ్ల పనేందిరా? పోరిని దొర గడీల ఇడిసిపెట్టి ఇంకో లగ్గం చేస్కో."

కోటలాంటి ఆ గడీలో దాసీలుగా చేరిన ఆడపిల్లలు దొర పాలబడతారని అందరికీ తెలుసు. అయినా ఆ నీచుడి మెప్పు కోసం పెట్టెలో నలుగురు నవ్వారు.

కాపరి చేయి ఆగలేదు. "ముందుగాల మీ బిడ్డను తోలుండ్రి, పట్వారీ సాబ్. ఎన్కనే నా బిడ్డను తోలుత" అన్నాడు.

పట్వారీ మొహం మాడిపోయింది. వచ్చే స్టేషనులో దిగి వేరే పెట్టెలోకి పోయాడు. ఇందాక నవ్విన సన్నాసులు కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ తండ్రి పక్కన కూర్చునే అర్హత వాళ్లలో ఒక్కడికీ లేదు. ఆయన మాత్రం జడ కొసకు ఎర్రదారం ముడివేసి, బిడ్డ మొహాన్ని తనవైపు తిప్పుకుని తృప్తిగా చూసుకున్నాడు.